పెట్రోలు కాక్ లేని బండి

ఆ శుక్రవారం నేను చెయ్యాల్సిన పనులు ఇవి.

గంగాధరరావు గారి పోస్టుమార్టం రిపోర్టు కోసం ఆసుపత్రికి ఇంకోసారి మనిషిని పంపాలి.

తాడేపల్లిగూడెంలో ఉన్న ఆయన భార్య సరోజ గారికి ఫోన్ చేసి, రిపోర్టు ఇంకా రాలేదని చెప్పాలి.

బండి మీద పంచనామా రాయించాలి. దానికి ఇద్దరు మధ్యవర్తుల్ని పట్టుకోవాలి.

బంద్ బందోబస్తుకి స్టేషన్లో ఉన్న కానిస్టేబుళ్ళని పంపాలి.

సాయంత్రం నాలుగింటికి అల్తాఫ్‌ని మేజిస్ట్రేటు గారి ముందు పెట్టేలోపు, అతను హత్య చెయ్యలేదని చెప్పడానికి ఏదో ఒక ఆధారం సంపాదించాలి.

చివరి పని నాకెవరూ చెప్పలేదు. మొత్తం మీద ఆ రోజు నేను పూర్తి చేసింది కానిస్టేబుళ్ళని పంపడం ఒక్కటే.

అది రెండువేల తొమ్మిది డిసెంబరు. రాష్ట్రం విడదీయొద్దని రోజు విడిచి రోజు బంద్. కేసు మా స్టేషన్ది, నేను దానికి సబ్ ఇన్‌స్పెక్టర్ని. బుధవారం పొద్దున్న ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య హైవే మీద ఓ కల్వర్టు పక్కన సర్వేయరు గంగాధరరావు గారి శవం దొరికింది. తల పగిలి ఉంది. పక్కనే ఆయన కొత్త బండి, ముందు చక్రం వంకరపోయి, కల్వర్టుకి ఆనుకుని పడి ఉంది. బ్రేకు పైపు నట్టు వదులు చేసి ఉంది. ముందు రోజు సాయంత్రం ఆ బండి ఏలూరులో అల్తాఫ్ మెకానిక్ షెడ్డులో ఉంది. అంతకు కొన్ని నెలల ముందు, కాలవ గట్టు కొలిచి, అల్తాఫ్ షెడ్డు సగం గట్టు మీదే ఉందని రాసింది ఈ గంగాధరరావు గారే. ఆ సగం కూలగొట్టిన రోజు అల్తాఫ్ అందరి ముందూ "మీకు మంచి జరగదు సార్" అన్నాడు.

ఇవన్నీ వరసగా పేర్చి అల్తాఫ్‌ని తెచ్చి లోపల పెట్టింది బంగార్రాజు గారు. నాతోపాటు ఎస్సై ట్రెయినింగ్ అయిన మనిషి. ఇప్పుడు స్పెషల్ టీమ్‌లో ఉన్నారు. సర్కిల్ గారి ఆర్డరుతో కేసు సగం ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన సగం నా చేతిలో ఉందని నేను అనుకుంటున్నాను.

ఆ లెక్కలోకి రాని సంగతి ఒకటుంది. కొల్లేట్లో సుందరరావు అనే ఆసామి కొత్తగా వేయించిన చెరువు గట్టుని గంగాధరరావు గారు కొలుస్తున్నారు. గట్టు సరస్సు హద్దు లోపలికి వచ్చిందని వచ్చే సోమవారం ఆయన విచారణలో చెప్పాల్సి ఉంది.

*

లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అల్తాఫ్ గోడకి ఆనుకుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. గోళ్ళల్లో గ్రీజు ఇంకా పోలేదు.

"బ్రేకు పైపు నట్టు ఎవరు వదులు చేశారు?"

"నాకు తెలీదు మేడంగారూ."

"మంగళవారం సాయంత్రం బండి నీ దగ్గరే ఉంది."

"ఉందండి. కడగమన్నారు, కడిగాను. చైను బిగించమన్నారు, బిగించాను. మీటర్లో పసుపు లైటు ఒకటి ఊరికే వెలుగుతోంది, ఎందుకో చూడమన్నారు. చూశాను."

"ఎందుకు వెలుగుతోంది?"

అల్తాఫ్ తల పక్కకి తిప్పుకున్నాడు. "తెలీలేదండి."

"ఆయనకి అలాగే చెప్పావా?"

"లేదండి. సెన్సరుకి దుమ్ము పట్టింది, తుడిచేశానని చెప్పాను. ఏ సెన్సరో నాకే తెలీదు."

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

"మా నాన్న మొహిద్దీన్ దగ్గర నేర్చుకున్న పని మేడంగారూ. పాత బుల్లెట్టయితే కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాను. ఇది పైకి చూస్తే మా నాన్న నాటి బండే. ఆ గుండ్రటి లైటు, ఆ ట్యాంకు, కాళ్ళు చాపుకుని కూర్చునే ఆ సీటు, అన్నీ అవే. లోపల చూస్తే టీవీలా ఉంది. అన్నీ వైర్లే. ట్యాంకు మీద చెయ్యి వెయ్యాలంటే భయం వేసింది."

"షెడ్డు కూలగొట్టించిన మనిషి బండి నువ్వెందుకు ముట్టుకున్నావ్?"

"ఆ మర్నాడే ఆయన మళ్ళీ వచ్చారండి. మిగిలిన సగం హద్దు బయటే ఉంది, ఎవరొచ్చినా కదలకు అని చెప్పి, పట్టాకి ఎక్కడ అర్జీ పెట్టాలో ఆయనే చెప్పారు. అప్పట్నుంచి బండి నా దగ్గరికే తెచ్చేవారు. ఇది మీరు నమ్మరు. ఇంకొకటి చెప్తాను, అది రాయండి. ఆ బండి పని నాకు తెలీదు. మెకానిక్ అల్తాఫ్‌కి ఆ బండి పని తెలీదు అని రాసి నా చేత సంతకం పెట్టించండి."

"అది బయట తెలిస్తే రేపు నీ షాపుకి ఎవరొస్తారు?"

"ముందు రేపు నేను షాపుకి రావాలి కదండీ."

వెనకనుంచి బంగార్రాజు గారి గొంతు వినిపించింది. "అల్తాఫ్ గారూ, భోంచేశారా? మధ్యాహ్నం వెళ్ళాలి మనం. మీరు కొంచెం మొహం కడుక్కోండి."

ఆయన తీరు అది. దొంగనయినా, కూలీనయినా, కుర్రాణ్ణయినా గారూ, మీరూ అనే పిలుస్తారు. స్టేషన్లో అందరూ దాన్ని మర్యాద అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

*

బండి స్టేషన్ వెనక రేకుల షెడ్డు కింద ఉంది. గంగాధరరావు గారు ముచ్చటపడి విజయవాడ వెళ్ళి కొనుక్కున్న బండి. మార్కెట్లోకి కొత్తగా వచ్చిన రకం. క్రోమింగు మెరుస్తోంది. చూస్తే తాతల నాటి బండి. తాళం తిప్పితే మాత్రం మీటర్లో లైట్లు వెలుగుతాయి, ట్యాంకు లోపల పెట్రోలు పంపు ఒక్క క్షణం సన్నగా కూస్తుంది. మిగిలిందంతా కంప్యూటరు చూసుకుంటుందని బండితో వచ్చిన పుస్తకంలో చదివాను.

తాళం తిప్పాను. పంపు కూసింది. సెల్ఫ్ నొక్కాను. ఇంజను తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్ళీ నొక్కాను. అంతే.

సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూశాను. నల్లటి ఒండ్రు వచ్చింది. కల్వర్టు దగ్గర ఉన్నది ఎర్రమట్టి. ఫుట్‌రెస్టు సందులో నీళ్ళ మీద పెరిగే గుర్రపుడెక్క వేరు చిక్కుకుని ఎండిపోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని ట్యాంకు కిందికి చూశాను. పెట్రోలు పైపు మధ్యలోకి మడిచి ఉంది. ఆ మడత మీద సన్నటి నైలాను దారం బిగించి కట్టి ఉంది. వలలు అల్లే దారం.

నేను పుట్టింది కొల్లేటి లంకలో. మా నాన్న పంటు తోసేవాడు. రెండు పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ బండ్లనీ దాటించే పంటు. మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. పంటు ఎక్కే ఏ బండికయినా పెట్రోలు కట్టెయ్యాలి. ఒక్క చుక్క నీళ్ళలో పడితే చేపపిల్ల చచ్చిపోతుందని మావాళ్ళ భయం. బండివాడు కట్టేశానన్నా పంటువాడు నమ్మడు. తనే వంగి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి, పెట్రోలు ఆపే కాక్ తిప్పుతాడు. కాక్ పాడయిన బండి అయితే పైపు మడిచి వలదారంతో కట్టి, ఆ తర్వాతే పంటు తోసే గెడ పట్టుకుంటాడు.

ఈ బండికి కాక్ లేదు. కొత్త పద్ధతి కాబట్టి దాని అవసరం లేదు. చీకట్లో చెయ్యి పెట్టి తడుముకున్నవాడికి అది తెలీదు. దొరకలేదు కాబట్టి పైపు మడిచి కట్టేశాడు. విప్పడం మర్చిపోయాడు.

పైపు కట్టేసిన బండి నడవదు. నడవని బండి కల్వర్టుకి గుద్దుకోలేదు. దాన్ని కొల్లేరు దాటించి, ఏ లారీ మీదో ఎక్కించి, అక్కడికి తెచ్చి పడేశారు. గంగాధరరావు గారు చనిపోయింది హైవే మీద కాదు.

దారం ముడి వైపు ఇంకోసారి చూశాను. మిగిలిన కొసని మళ్ళీ ముడి కిందికి దోపి ఉంది. ఎక్కడో చూసిన ముడి. మనసుకి ఏదో అనిపించింది. పని తొందరలో పక్కన పెట్టేశాను.

"ఏవండీ జీవరత్నం గారూ," అంటూ బంగార్రాజు గారు టీ గ్లాసుతో వచ్చారు. "మెకానిక్‌ని లోపల పెడితే మీరు మెకానిక్ అయిపోయారేంటండీ?"

లేచి ట్యాంకుకి అడ్డంగా నిలబడ్డాను. "సైలెన్సర్లో ఒండ్రు ఉంది. కొల్లేటి ఒండ్రు."

"కల్వర్టు కింద నీళ్ళుండవా, నీళ్ళ కింద బురద ఉండదా?"

"అక్కడ ఎర్రమట్టి. ఇది నలుపు."

"ల్యాబుకి పంపండి. వచ్చే ఏడు ఉగాదికి రిపోర్టొస్తుంది. అందాకా మేజిస్ట్రేటు గారిని కూర్చోమందామా?"

"గుద్దుకున్నప్పుడు ఇంజను నడుస్తోందని మీరెలా చెప్తారు?"

"నడవకపోతే బండి తోవ అడుక్కుంటూ వచ్చిందా అండీ?" టీ ఒక గుక్క తాగారు. "మీకు ట్రెయినింగ్‌లో కూడా అంతే. థియరీలో మీకే ఫస్టు. కేసు మాత్రం ఎప్పుడూ పక్కవాడు పట్టేవాడు."

"ఈ బండి పంచనామా అయ్యేదాకా ఇక్కడే ఉండాలి."

"మీ రూలు మీది. ఎవరు కాదన్నారండీ," అన్నారు, నవ్వుతూనే.

ఆ దారం కత్తిరించి జేబులో వేసుకోవచ్చు. ఒక్క నిమిషం పని. కానీ మధ్యవర్తులు లేకుండా ముట్టుకుంటే కోర్టులో అది సాక్ష్యం కాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. పుస్తకంలో ఉన్న గీత దాటడం నాకు చేతకాదు. వీఆర్వోకి ఫోన్ చేశాను, బందోబస్తులో ఉన్నానన్నాడు. రోడ్డెదురు కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఫొటో తీద్దామంటే నా ఫోనుకి కెమెరా లేదు.

హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణమూర్తి గారిని పిలిచాను. "నేను వచ్చేదాకా ఈ బండిని ఎవరూ ముట్టుకోకూడదు."

"పిట్టని కూడా వాలనివ్వనండి," అన్నారాయన.

బయట మెట్ల మీద అల్తాఫ్ భార్య జహీరా క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"నాలుగింటిలోపు వచ్చేస్తారా అమ్మా?"

"వచ్చేస్తాను."

"క్యారేజీ లోపలికి ఇవ్వనివ్వడం లేదు. ఆ బంగార్రాజు సారు, మీరు కూర్చోండమ్మా, చూద్దామండీ అంటున్నారు. పొద్దున్నుంచీ అదే మాట."

నేనే క్యారేజీ తీసుకెళ్ళి అల్తాఫ్ చేతికిచ్చి, స్కూటర్ ఎక్కాను.

*

మా రేవుకి చేరేసరికి ఒంటిగంట అయింది. దారిలో రెండు చోట్ల టైర్లు కాలుస్తున్నారు. పోలీసు టోపీ చూసి కూడా స్కూటర్ని ఆపి, నినాదం చెప్పించుకుని వదిలారు.

మాణిక్యం బాబాయ్, వరసకే బాబాయ్, గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా నాన్న పోయాక ఆ రేవులో పంటు ఆయనది ఒక్కటే మిగిలింది. స్కూటర్ని బల్లల మీదికి తోశాను. ఏమీ మాట్లాడకుండా వంగి కాక్ తిప్పేశాడు. నా స్కూటర్‌కి కూడా.

"ఊరికేనా రత్నమ్మా, పని మీదా?" అన్నాడు, పంటు రేవు వదిలాక.

"పని మీదే. బుధవారం తెల్లారగట్ల నీ పంటు మీద ఓ పెద్ద బండి దాటిందంట."

"నా పంటు మీదా? ఎవడన్నాడు?"

"అన్నవాడు ఇంకోటి కూడా అన్నాడు. పెట్రోలు కట్టకుండానే ఎక్కించాడంట మాణిక్యం."

ఆయన గెడ ఆపేశాడు. "నోరు పడిపోవాలి వాడికి. మాణిక్యం పంటు మీద కట్టని బండి ఎక్కిందంటాడా? కాక్ దొరక్కపోతే పైపు మడిచి కట్టించి మరీ..."

అక్కడితో ఆగిపోయాడు. నీళ్ళ వైపు చూశాడు. నేనూ చూశాను. ఆయన్ని అలా పట్టుకున్నందుకు నాకు సంతోషం కలగలేదు.

"కట్టించి, అన్నావు. అంటే నువ్వు కట్టలేదు."

"నేను గెడ వేశాను. అంతవరకే. లంక నుంచి ఒడ్డుకి. సుందరరావు గారి చేపల లారీ రేవులో ఉంది, దాని వెనక జీపు ఉంది. రమ్మన్నారు, వెళ్ళాను. వెళ్ళకపోతే ఈ రేవులో నన్ను బతకనిస్తారా?"

"బండి ఒక్కటేనా?"

"పక్కన చాప." గెడ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "చాప కింద ఆయన. ముందు వారం నా పంటు మీదే దాటిన మనిషి. నాకు బీడీ తెచ్చిచ్చాడు."

"జీపులో ఎవరు?"

"దిగలేదు. మొహం నేను చూళ్ళేదు. మాట విన్నాను." గొంతు తగ్గించాడు. "ఒడ్డుకి చేరాక, బండి దింపడం ఆలస్యమవుతోందని లోపల్నుంచి చెప్పాడు. మీరు కొంచెం తొందరగా కానివ్వండీ, తెల్లారిపోతోంది కదండీ అని. చేపల తట్టలు మోసేవాళ్ళని, మమ్మల్ని, మీరు అన్నాడమ్మా. సుందరరావు గారి మనుషులు అతన్ని ఎస్సైగారూ అన్నారు. మమ్మల్ని మీరు అనే పోలీసుని నా జన్మలో చూళ్ళేదు."

నేను చూశాను. రోజూ చూస్తున్నాను. బంగార్రాజు గారు, మూర్తి గారు, ఆ ఇద్దరి చేతుల్లోనే అల్తాఫ్‌ని, బండిని, జహీరాని వదిలేసి వచ్చాను. ఒకాయన మర్యాదస్తుడు. ఇంకొకాయన పిట్టని కూడా వాలనివ్వనన్నవాడు, ఎస్సై ఎవరు చెప్పినా సెల్యూట్ కొట్టేవాడు.

"బాబాయ్, పైపు కట్టింది ఎవరు? అతను సాక్ష్యం చెప్తే చాలు. అల్తాఫ్ అనే మనిషి బయటికొస్తాడు."

మాణిక్యం బాబాయ్ బల్లల మీద పడున్న వలదారం ముక్క తీసి, గెడకి చుట్టి ముడి వేశాడు. కొస బయటికి వదిలేశాడు.

"ఇది నా ముడి. ఏ ఇంటి ముడి ఆ ఇంటిది. తాళ్ళు కలిసిపోకుండా పెద్దలు పెట్టింది. కొస లోపలికి దోపే ఇల్లు ఈ రేవులో ఎన్ని ఉన్నాయో నీకు తెలీదా రత్నమ్మా?"

నాకు తెలుసు. ఒక్కటి. బయట ఉన్న కొసని డెక్క పట్టుకుంటుందిరా అని మా నాన్న మా ఇద్దరికీ నేర్పాడు. నాకు, మా తమ్ముడు బాబీకి. బాబీ రెండేళ్ళుగా సుందరరావు చెరువు మీద కాపలా ఉంటున్నాడు.

"ఏడుస్తూనే కట్టాడమ్మా," అన్నాడు మాణిక్యం బాబాయ్. "ఆయన్ని కొట్టింది వీడు కాదు. వీణ్ణి లేపి, బండి ఎక్కించరా అన్నారు. అంతలోనూ పెట్రోలు మాత్రం కట్టాడు."

ఫోన్ తీసి బాబీకి చేశాను. రెండోసారికి ఎత్తారు.

"చెప్పండి జీవరత్నం గారూ," అన్నారు బంగార్రాజు గారు.

ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను. బాబీ నంబరే.

"మీ తమ్ముడు గారు నా దగ్గరే ఉన్నారండి. ఇడ్లీ తెప్పించాను, తినడం లేదు. మీరన్నా చెప్పండి."

"వాడికి ఫోనివ్వండి."

"ఇస్తానండి, ఎక్కడికి పోతారు. ముందు రెండు విషయాలు. బండి కోర్టుకి పంపాలి కదా, నీట్‌గా ఉండాలని కడిగించేశాను. మూర్తి గారే బకెట్లు మోశారు, పాపం. ట్యాంకు కింద ఏదో దారం చెత్త ఉంటే అది కూడా తీయించేశాం. మీకు దాని గురించి ఏమైనా తెలుసా?"

"తెలుసు. అది మా ఇంటి ముడి. మా తమ్ముడు కట్టాడు. నేనే రాసిస్తాను, నేనే కోర్టులో చెప్తాను."

"ఏ దారం అండీ?" అన్నారాయన. గొంతులో ఎక్కడా కోపం లేదు. "లేని దారానికి ముడేంటండీ? ఒకవేళ ఉందనే చెప్పారనుకోండి. అప్పుడు బాబీ గారు హత్యలో ముద్దాయి అవుతారు. మాణిక్యం గారు కూడా. లేదనుకోండి, ఇడ్లీ తిని ఇంటికెళ్ళిపోతారు. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పాలా?"

"నాలుగింటికి నేను కోర్టులో ఉంటాను."

"అదే రెండో విషయం. బంద్ కదండీ, మేజిస్ట్రేటు గారు పెందలాడే కూర్చున్నారు. అల్తాఫ్ గారిని రిమాండుకి పంపేశాం. ఆ క్యారేజీ కూడా తినలేదాయన, చల్లారిపోయింది. మీరు రోడ్డు మీద వస్తారా, పంటు మీద వస్తారా? దేని మీద వచ్చినా నెమ్మదిగా రండి."

ఫోను పెట్టేశారు. ఒక్కసారి కూడా బాబీ గొంతు వినిపించలేదు.

"వెనక్కి తిప్పు బాబాయ్," అన్నాను.

ఆయన గెడ వేశాడు. పంటు కదల్లేదు. మేం మాట్లాడుకుంటుండగా గాలి మారి, గుర్రపుడెక్క పంటు చుట్టూ మూసుకుపోయింది. నేను చేతులతో లాగడం మొదలుపెట్టాను. ఒక పాయ లాగితే రెండు పాయలు వచ్చి ఆనుకుంటున్నాయి. రేవు కనిపిస్తోంది. రేవులో, ఇందాక లేని జీపు ఒకటి వచ్చి ఆగడం కూడా కనిపిస్తోంది. అందులోంచి ఎవరూ దిగలేదు.

నేను ఒడ్డుకి చేరాక ఏం చెప్తానో, తమ్ముడి పేరు నా నోటితో పలుకుతానో లేదో, పలికినా వినేవాళ్ళు ఉంటారో లేదో, డెక్కలో చిక్కిన పంటు మీద కూర్చుని ఈ మాట రాసే వేళకి నాకు తెలీదు. అందుకని చదువుతున్న మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. ఏలూరులో కాలవ గట్టు పక్కన సగం కూలిన షెడ్డులో పని చేసుకునే అల్తాఫ్ అనే మనిషి ఉన్నాడు. తన పొట్ట కొట్టే మాటని తెలిసి తెలిసి చెప్పాడు, ఆ బండి పని నాకు తెలీదు అని. ఆ వారం మా స్టేషన్లో ఉన్నవాళ్ళలో, నాతో సహా, మొదటి మాట నుంచీ నిజం చెప్పింది అతనొక్కడే. మేమంతా ఏమైపోయినా ఫర్వాలేదు. అతన్ని గుర్తుపెట్టుకోండి.